చీకట్లో ఫొటో తియ్యటం ఎట్లా? (ఆటోనగర్‌లో నేను నేర్చుకున్నది)



పోయిన సంవత్సరం వార్షికోత్సవం రోజు రాత్రి మనకి తీసిన గ్రూపు ఫొటో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. తెల్ల గోడ ముందు మూడు వరసలుగా నిలబెట్టి తీశారు. ఆ ఫొటోలో గోడ బ్రహ్మాండంగా వచ్చింది. సున్నం వేసిన బ్రష్షు గీతలు కూడా కనపడుతున్నాయి. మన మొహాలు మాత్రం రాలేదు. పళ్ళు వచ్చాయి, కళ్ళు వచ్చాయి, తెల్ల రిబ్బన్లు వచ్చాయి. "ఇది నువ్వా నేనా" అని ఒకళ్ళనొకళ్ళం ఎగతాళి చేసుకున్నాం. ఆరో తరగతి చెల్లి ఒకతె తన కాపీ చింపేసి ఏడ్చింది. నేను చింపలేదు గానీ ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను. మనం నల్లగా ఉన్నాం కాబట్టి ఫొటో అట్లా వచ్చింది, ఎవరేం చేస్తారు అనుకున్నాను.

అది తప్పు. ఎందుకు తప్పో ఈ వేసవి సెలవుల్లో తెలిసింది. అది చెప్పటానికే ఇది రాస్తున్నాను.

మాది నాగాయలంక దగ్గర. మేము యానాదులం. మా అయ్య, నాయనమ్మ పీతలు, చేపలు పడతారు. మా చిన్నాన్న మాత్రం పదేళ్ళ కిందట విజయవాడ వెళ్ళిపోయి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో హెల్పర్‌గా చేరాడు. ఇప్పుడు వెల్డింగ్ చేస్తాడు. మా చిన్నమ్మకి పాప పుట్టింది కనుక సాయంగా ఉండటానికి నన్ను పంపించారు. అవనిగడ్డలో బస్సు ఎక్కితే ఉయ్యూరు మీదుగా వెళ్తుంది.

ఆటోనగర్ చూడని వాళ్ళకి చెబుతాను. అది ఊరు కాదు. అన్నీ షెడ్లే. ఒక వీధిలో లేత్ మెషిన్లు, ఒక వీధిలో కమాన్ కట్టలు, ఒక వీధిలో పాత టైర్లు, పాత ఇంజన్లు. లారీ అంటే కొన్నప్పుడు ముందు భాగం, చట్రం మాత్రమే వస్తుందట. వెనక తొట్టి, చెక్కలు, ఇనుము, రంగులు, బొమ్మలు అన్నీ ఇట్లాంటి చోట కడతారు. ఎండాకాలం పగలు రేకుల కింద నిలబడలేం. అందుకని తొందర పని ఉంటే రాత్రిళ్ళు చేస్తారు. నేను చిన్నాన్నకి రాత్రి క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. అక్కడే కెమెరా చూశాను.

ఆ షెడ్డుకి ఒక ఫొటో అన్న వస్తుంటాడు. పెళ్ళిళ్ళకి తీస్తాడు. లారీ తయారయ్యాక ఓనరుకి పంపటానికి కూడా తీస్తాడు. చిన్నాన్న ఆయన కెమెరా స్టాండు విరిగితే అతికి పెట్టాడు, డబ్బులు తీసుకోలేదు. ఆ చనువుతో "అన్నా, నేను ఒకసారి పట్టుకోనా" అని అడిగాను. ఆయన దగ్గర రెండు ఉన్నాయి. కొత్తది ఇవ్వలేదు. పాతది నా మెడలో వేసి, "కింద పడేశావో, మీ చిన్నాన్న జన్మంతా నాకు ఊరికే గేట్లు వెల్డింగ్ చెయ్యాలి" అన్నాడు.

ఆ పాతదాన్నే డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. అంటారు. ఎస్.ఎల్. అనగా ఒకటే లెన్సు. ఆర్ అనగా రిఫ్లెక్స్, అంటే లోపల అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురు ఆ అద్దం మీద పడి పైన కిటికీలోకి వస్తుంది, మనం కన్ను పెట్టి చూస్తాం. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, వెనక ఉన్న సెన్సారు మీద వెలుతురు పడుతుంది. ఆ "టప్" చప్పుడు అద్దానిది. కొత్త కెమెరాల్లో ఈ అద్దం ఉండటం లేదు. అందుకే చాలామంది ఫొటోల వాళ్ళు పాతవి పక్కన పెడుతున్నారట. పక్కన పెట్టిన వస్తువే నా చేతికి వచ్చింది.

మొదటి రాత్రి అరవై ఫొటోలు తీశాను. పనికొచ్చినవి రెండు. అందులో ఒకటి లారీ టైరు.

మొదటి తప్పు ఫ్లాష్. చీకటిగా ఉంది కదా అని కెమెరా దానంతట అదే ఫ్లాష్ లేపింది. చిన్నాన్న నుదుటి మీద చెమట అద్దంలా మెరిసింది, మొహం బల్లపరుపుగా వచ్చింది, వెనక షెడ్డు మొత్తం నల్లగా మాయమైపోయింది. ఎందుకంటే ఫ్లాష్ వెలుతురు దూరం వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది. రెండింతల దూరం వెళ్తే సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మనిషి మీద పడినంత వెనక గోడ మీద పడదు. ఫొటో అన్న ఫ్లాష్ కిందకి నొక్కేసి, "అది లేకుండా తియ్యి. ఉన్న వెలుతురుతో బతకటం నేర్చుకో" అన్నాడు. అది మాకు తెలిసిన పనే అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. వెలుతురు పట్టుకోవటానికి కెమెరాలో మూడు ఉంటాయి. నేను మన హాస్టల్ కుళాయితో పోల్చుకుని గుర్తు పెట్టుకున్నాను.

కుళాయి ఎంత తిప్పాము అనేది మొదటిది. దీన్ని అపర్చర్ అంటారు. లెన్సులో ఉండే కన్నం. దాని అంకెలు తిరకాసుగా ఉంటాయి. ఎఫ్ 1.8 అంటే పెద్ద కన్నం, ఎఫ్ 16 అంటే చిన్న కన్నం. నాకు మూడు రోజులు అర్థం కాలేదు. తర్వాత ఫొటో అన్న లెక్క చెప్పాడు. లెన్సు మీద రాసిన మిల్లీమీటర్లని ఆ అంకెతో భాగించాలి. 50 మిల్లీమీటర్ల లెన్సుకి ఎఫ్ 1.8 పెడితే 50 భాగించు 1.8, సుమారు 28 మిల్లీమీటర్ల కన్నం. ఎఫ్ 5.6 పెడితే 9 మిల్లీమీటర్లు. వృత్త వైశాల్యం లెక్క చేసి చూడండి (మ్యాథ్స్ మేడమ్ గారు సంతోషిస్తారు). పెద్ద కన్నంలోంచి చిన్నదానికి దాదాపు పదింతల వెలుతురు వస్తుంది! కెమెరాతో పాటు మామూలుగా ఇచ్చే లెన్సు దగ్గరికి జరిపితే ఎఫ్ 5.6 దగ్గరే ఆగిపోతుంది. అందుకే రాత్రి తియ్యాలంటే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు అడగాలి. అది దగ్గరికి, దూరానికి జరగదు. మన కాళ్ళే జరగాలి.

దానికీ ఒక ఇబ్బంది ఉంది. కన్నం అంత పెద్దగా తెరిస్తే స్పష్టంగా వచ్చే చోటు బెత్తెడు కూడా ఉండదు. ముక్కు స్పష్టంగా వస్తే కళ్ళు మసక. కనుక ఫోకస్ ఎప్పుడూ కంటి మీద పెట్టాలి, అదీ మన వైపు ఉన్న కంటి మీద.

కుళాయి ఎంతసేపు తెరిచి ఉంచాము అనేది రెండోది. ఇది షట్టర్. 1/60 అంటే సెకనులో అరవయ్యో వంతు. 1/15 పెడితే నాలుగింతలు ఎక్కువ వెలుతురు వస్తుంది. కానీ అంతసేపు మన చెయ్యి ఊరుకోదు. 50 లెన్సుతో ఈ పాత కెమెరాకి 1/80 అయితే నిశ్చింత. అంతకంటే నెమ్మదిగా తియ్యాలంటే మోచేతులు రెండూ పక్కటెముకలకి ఆనించాలి, గోడకో స్తంభానికో వీపు ఆనించాలి, ఊపిరి వదిలేశాక మెల్లగా నొక్కాలి. పీత బొరియలో చెయ్యి పెట్టేటప్పుడు మా నాయనమ్మ కూడా ఊపిరి అట్లాగే బిగబడుతుంది. నాకు ఇది తొందరగా వచ్చింది. 1/30 లో కూడా కదలకుండా తీశాను.

స్టాండు లేకపోతే ఇసుక నింపిన సంచి మీద కెమెరా పెట్టి, 2 సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తే చాలు. నొక్కే వేలు కదిలించే కదలిక కూడా ఉండదు. ఆటోనగర్ వీధిని అట్లా రెండు సెకన్లు తీస్తే లారీ వెనక లైట్లు ఎర్ర దారాల్లాగా వచ్చాయి.

ఫొటో మసకగా వస్తే ఎవరి తప్పో కనిపెట్టవచ్చు. ఫొటో అంతా, గోడతో సహా ఒకే వైపుకి జరిగినట్టు ఉంటే మన చెయ్యి కదిలింది. గోడ స్పష్టంగా ఉండి మనిషి చెయ్యి ఒక్కటే చెదిరితే ఆ మనిషి కదిలాడు. ఇంకెక్కడో స్పష్టంగా ఉండి మొహం మాత్రం మసకైతే ఫోకస్ తప్పింది. నాకు రెండోది ఇష్టం. సుత్తి చెదిరిపోయి చిన్నాన్న మొహం నిలిచిన ఫొటో ఒకటి వచ్చింది. సుత్తి చప్పుడు వినపడుతున్నట్టే ఉంటుంది.

మూడోది ఐ.ఎస్.ఓ. ఇది కుళాయి కాదు, మజ్జిగ. పెరుగు తక్కువ ఉండి మనుషులు ఎక్కువ ఉంటే నీళ్ళు పోస్తాం. అందరికీ వస్తుంది గానీ పల్చబడుతుంది. (మన హాస్టల్ మజ్జిగ గురించి కాదు మేడమ్!) ఐ.ఎస్.ఓ. 100 నుంచి 200, 400, 800 అట్లా రెట్టింపు అవుతూ పోతుంది. వచ్చిన వెలుతురు పెరగదు, సెన్సారు ఇచ్చిన సంకేతాన్ని కెమెరా పెద్దది చేసి చూపిస్తుంది. దాంతో పాటు లోపలి గరుకు కూడా పెద్దదై ఫొటో మీద రవ్వ చల్లినట్టు చుక్కలు వస్తాయి. పాత కెమెరాలో 1600 దాటితే చుక్కలు బాగా తెలుస్తాయి. చుక్కలకి భయపడి నేను మొదట 200 లోనే తీసి అన్నీ కదిలించాను. ఫొటో అన్న తిట్టాడు. చుక్కలు ఉన్నా మనిషిని గుర్తు పట్టవచ్చు, కదిలిపోతే గుర్తు పట్టలేం అన్నాడు. నేను ఒప్పుకుంటాను.

ఇంకో రెండు చిన్న సంగతులు. చీకట్లో కెమెరా ఫోకస్ దొరక్క లెన్సు ముందుకీ వెనక్కీ గిర్రున తిరుగుతుంది. అప్పుడు వెలుగూ నీడా కలిసే అంచు మీద, చొక్కా కాలరు మీదో జుట్టు అంచు మీదో పెడితే పట్టుకుంటుంది. రెండోది ట్యూబులైటు. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ అవుతుంది కనుక పాత ట్యూబులైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. నేను 1/500 పెడితే ఫొటోలో అడ్డంగా నల్ల పట్టీ వచ్చింది. కెమెరా చెడగొట్టాను అనుకుని అన్నం తినలేదు. 1/100 గానీ 1/50 గానీ పెడితే పట్టీ పోయింది.

వెల్డింగ్ తియ్యాలని అందరికీ అనిపిస్తుంది. ఆ మంటని సూటిగా చూడకూడదు, కెమెరా కిటికీలోంచి కూడా చూడకూడదు. చిన్నాన్నకి కొత్తలో రాత్రంతా కళ్ళల్లో ఇసుక పోసినట్టు ఉండేదట. నేను దూరంగా పక్కకి నిలబడి, మంట రేకు వెనక దాగేట్టు చూసుకుని, పైకి లేచే నిప్పురవ్వల్ని మాత్రమే తీశాను.

ఇక మన మొహాల సంగతికి వస్తాను.

ఒక రాత్రి చిన్నాన్నని తెల్ల ప్రైమర్ కొట్టిన కొత్త లారీ బాడీ ముందు నిలబెట్టి తీశాను. అచ్చంగా మన గ్రూపు ఫొటో లాగే వచ్చింది. లారీ ఉంది, చిన్నాన్న లేడు. "మేము నల్లగా ఉంటాం కదన్నా" అన్నాను. ఫొటో అన్న నవ్వలేదు. చిన్నాన్నని అదే చోట నుంచి పది అడుగులు పక్కకి, తలుపు తీసిన చీకటి షెడ్డు ముందుకి జరిపి, "ఇప్పుడు తియ్యి, ఏమీ మార్చకు" అన్నాడు. అదే మనిషి, అదే ట్యూబులైటు, అదే కెమెరా. ఈసారి చిన్నాన్న మొహం పౌడరు కొట్టినట్టు తెల్లగా వెలిసిపోయింది!

కారణం ఏమిటంటే, కెమెరా లోపల వెలుతురు కొలిచే మీటరు ఉంటుంది. అది మామూలుగా కనపడినదంతా కలిపి సగటు కడుతుంది, మనం మార్కుల సగటు కట్టినట్టే. ఆ సగటు తెలుపూ నలుపూ కాకుండా మధ్యస్థంగా బూడిద రంగులో రావాలని చూస్తుంది. తెల్ల గోడ ఎక్కువ ఉంటే "అబ్బో వెలుతురు ఎక్కువైంది" అని తగ్గించేస్తుంది. గోడ సరిపోతుంది, మనం మునిగిపోతాం. చీకటి ఎక్కువ ఉంటే పెంచేస్తుంది, మనిషి వెలిసిపోతాడు. అది ఎవరి మీదా పగతో చేసేది కాదు, దానికి మనిషి అని తెలియక చేసేది. దానికి చెప్పటానికి కెమెరా మీద కూడిక, తీసివేత గుర్తులున్న బటన్ ఒకటి ఉంటుంది. తెల్ల గోడ ముందు +1 పెడితే వెలుతురు రెట్టింపు తీసుకుంటుంది, +2 పెడితే నాలుగింతలు. గోడ కొంచెం వెలిసిపోతుంది, పోనీ, గోడ ఏమీ అనుకోదు. లేదా మీటరుని స్పాట్ అనే దానిలో పెట్టి చెంప మీద ఒక్కచోటే కొలవమనవచ్చు. అప్పుడు నల్లటి చెంపని కూడా బూడిద రంగు చెయ్యబోతుంది కాబట్టి −1 దాకా తగ్గించి మన రంగు మనకి తెచ్చుకోవాలి. అన్నిటికంటే తేలిక, ఆ గోడ దగ్గర నిలబడకపోవటం.

పూర్తిగా పగ లేదనటానికి కూడా లేదు. ఫొటో అన్న ఇంకో సంగతి చెప్పాడు. డిజిటల్ కెమెరా మొదట తయారు చేసింది అమెరికాలో కొడాక్ కంపెనీలో పనిచేసే స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు, 1975 లో. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదకి ఎక్కటానికి 23 సెకన్లు పట్టేది. అదే కంపెనీ అంతకు ముందు చాలా ఏళ్ళు రంగుల ఫిల్ము అమ్మేటప్పుడు, రంగులు సరిగా వచ్చాయో లేదో చూసుకోవటానికి ఫొటో ల్యాబులకి ఒక కార్డు పంపేది. దాని పేరు షర్లీ కార్డు. దాని మీద తెల్ల అమ్మాయి బొమ్మ ఉండేది. ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే అందరి ఫొటోలూ బాగా వచ్చినట్టే లెక్క! నల్లవాళ్ళ మొహాలు సరిగా రావటం లేదని తల్లులు చెప్పినా చాలాకాలం మారలేదట. చాక్లెట్ల కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు మా గోధుమ రంగులు తేడా తెలియటం లేదని అడిగాక మార్చటం మొదలుపెట్టారట. చాక్లెట్ చెబితే విన్నారు. ఇది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆరో తరగతి చెల్లి చింపిన ఫొటో ముక్కలు గుర్తొచ్చాయి.

సెలవులు అయిపోయే ముందు పాపని చూపించటానికి చిన్నాన్న, చిన్నమ్మ మా ఊరు బయలుదేరారు. ఫొటో అన్న రెండు రోజులకి కెమెరా ఇచ్చాడు. నేను ఒక్కదాని కోసం అడిగాను. మా నాయనమ్మకి ఫొటో అంటే పడదు. ఆమెకి ఉన్న ఫొటోలు రెండే, రేషన్ కార్డుది, ఆధార్‌ది. రెండింటిలోనూ మసిగుడ్డ లాగా ఉంటుంది. "నా మొహం ఫొటోకి పనికిరాదే పిల్లా, పాపని తీసుకో" అనేది.

రాత్రి పొయ్యి దగ్గర పీతల కూర వండుతుంటే తీశాను. మా గుడిసెలో ఒక బల్బు ఉంది. అది ఆర్పేశాను, నెత్తి మీద నుంచి పడితే కళ్ళు గుంటలుగా వస్తాయి కాబట్టి. పొయ్యి మంట పక్క నుంచి పడుతోంది, చెంపా ముక్కూ ముడతలూ అన్నీ తెలుస్తున్నాయి. 50 లెన్సుకి లోపల చోటు చాలలేదు. గుమ్మం బయట మోకాళ్ళ మీద కూర్చుని, భుజం తలుపు కర్రకి ఆనించాను. ఎఫ్ 2, షట్టర్ 1/40, ఐ.ఎస్.ఓ. 1600. వెనకంతా చీకటి కాబట్టి మీటరు చెప్పినదానికంటే ఒకటి తగ్గించాను. రంగుల సెట్టింగు ఎండ గుర్తు మీద పెట్టాను, లేకపోతే కెమెరా మంట ఎరుపుని తీసేసి తెల్లగా చెయ్యబోతుంది. మంట ఊగుతుంటే వెలుతురు మారిపోతుంది కనుక ఒకటి కాదు, ఇరవై దాకా తీశాను. నాయనమ్మ మాట్లాడినంతసేపూ పెదాలు చెదిరాయి. కూర ఉప్పు చూడటానికి గరిటె ఎత్తి ఒక్క క్షణం ఆగింది. అది వచ్చింది.

వెనక ఉన్న చిన్న తెరలో చూపించాను. చాలాసేపు చూసింది. వేలితో తన చెంప తడుముకుంది. "మా అమ్మ లాగా ఉన్నానే" అంది. వాళ్ళమ్మ ఫొటో ఎక్కడా లేదు. నేను ఆమెని చూడలేదు.

కెమెరా తిరిగి ఇచ్చేశాను. ఫొటో అన్న నాలుగు ఫొటోలు కాగితం మీద వేసి ఇచ్చాడు. ఈ వ్యాసం కింద అంటించాను. ఎడమ నుంచి ఒకటోది తెల్ల లారీ ముందు చిన్నాన్న, రెండోది చీకటి షెడ్డు ముందు చిన్నాన్న, రెండూ పక్కపక్కన చూడండి. మూడోది సుత్తి. నాలుగోది నాయనమ్మ.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. ఆఫీసు బీరువాలో మన స్కూలు కెమెరా ఒకటి ఉందని విన్నాం. గ్రూపు ఫొటో మళ్ళీ ఒకసారి తీయించండి. సాయంత్రం స్టడీ అవరుకి ముందు, వరండా అంచున, వేపచెట్టు వైపు వీపు పెట్టి నిలబడితే వెలుతురు మన మొహాల మీదకే వస్తుంది. నేను నిన్న, మొన్న చూశాను. అనుమతి ఇస్తే సెట్టింగులు నేను పెడతాను. ఆరో తరగతి చెల్లిని ముందు వరసలో కూర్చోబెట్టాలి.

గమనిక: నాలుగో ఫొటోని దయచేసి చేత్తో తాకవద్దు. జిగురు కొంచెమే పెట్టాను. నెలాఖరుకి తీసి నాయనమ్మకి పంపాలి.

— 9వ తరగతి విద్యార్థిని